యున్‌సిల్ చేసిన ఓడ బారసాల

పంది నవ్వుతూ ఉండాలి. గోజె దీవిలో కొత్త ఓడకు మొక్కేటప్పుడు బల్ల మీద పెట్టే పంది తలకాయ నవ్వుమొహంతో ఉంటేనే పనివాళ్ల మనసు కుదుటపడుతుంది. ఆ నవ్వు ఎంచి తేవడంలో యున్‌సిల్‌ది అందెవేసిన చెయ్యి. ఓడల యార్డులో టెలిఫోన్లు ఎత్తే పనికి చేరిన మనిషి. వచ్చినవాళ్లను కనిపెట్టుకుని ఉండే తీరు చూసి ప్రజాసంబంధాల్లోకి తీసుకున్నారు. పోనుపోను వేడుకలన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి.

ఆర్డర్లు లేక ఈసురోమంటున్న యార్డుకు ఇండోనేషియా వాళ్ల ఓడ ఒకటి దక్కింది. పేరు పెట్టేనాడు వాళ్ల మనసు గెలిస్తే రెండోదీ ఇక్కడికే వచ్చేలా ఉంది. యున్‌సిల్ అలవాటుకొద్దీ పంది తలకాయ తెమ్మని చెప్పేసింది, ఓడకు కొట్టే షాంపేన్ సీసా తెప్పించింది. తాడు నరికి ఆ సీసా పగలగొట్టేది ఓడ యజమాని తల్లి, హజ్ యాత్ర చేసొచ్చిన హాజా రొహాయా అని తెలిశాక గాని, వచ్చేవాళ్లు ముస్లింలన్న సంగతి ఆవిడకు తట్టలేదు. నెత్తి కొట్టుకుని, పంది వద్దని కబురంపింది.

"పంది లేదా? అయితే మేమూ లేం," అన్నాడు వెల్డర్ల మేస్త్రీ తాక్ గిబొంగ్. "మొక్కకుండా సముద్రం మీదికి పంపితే, రేపేదన్నా అయితే ఎవరినడగాలి? నిన్నా?"

"పందినీ సారానీ చూసి వాళ్లు లేచిపోతే రెండో ఓడ ఎవరిస్తారు మేస్త్రీగారూ? మీ మావగారా?"

"మా మావ జోలికి రాకు. ఆయన నాకు గొడుగు కూడా ఇవ్వలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నవ్వారే గాని ఒక్కడూ మెత్తబడలేదు.

"సరే, మీ నాన్న చేపలపడవకు ఏం పెట్టి మొక్కేవాడు?"

తాక్ గడ్డం గోక్కున్నాడు. "తెల్లదారం చుట్టిన ఎండుచేప. పంది కొనే తాహతెక్కడిది?"

"సముద్రం అలిగిందా?"

"అలగలేదులే."

"అదే పెడదాం. సీసాలో సారా బదులు సిక్హే పోద్దాం."

అన్నం మెతుకులు తేలే తియ్యటి పానకం అది. తాక్ తల అడ్డంగా ఊపాడు. "పొంగులేని పానకంతో సీసా పగలదమ్మాయ్. పగలని సీసా కన్నా అపశకునం లేదు." అంటూనే చెయ్యి చాచాడు. "ఇటు తే." ఆకురాయి తీసి తేలిగ్గా పగిలేలా సీసా చుట్టూ సన్నగా గీతలు పెట్టాడు.

ఓడకు పేరు పెట్టేనాడు గాలి జోరుగా ఉంది. ఎండుచేప ముందు, ఆవిర్లు కక్కే బియ్యపు రొట్టె ముందు పనివాళ్లు వరసగా సాగిలపడ్డారు. రొహాయా గొడ్డలెత్తి తాడు నరికింది. సీసా ఊగుతూ వెళ్లి, ఓడ మూతిని రాసుకుంటూ జారిపోయింది. యున్‌సిల్ తాక్ వైపు చూసింది.

గాలి సీసాను ఇంకోసారి విసిరింది. ఈసారి భళ్లుమంది! తెల్లటి పానకం కారింది, మెతుకులు ఓడ మూతికి అంటుకుపోయాయి.

"తినేసింది!" తాక్ కేక పెట్టాడు. "ఓడ అన్నం తినేసిందిరోయ్!"

దుబాసీ చెప్పగానే రొహాయా విరగబడి నవ్వింది. బియ్యపు రొట్టె ముక్క తుంచి ఓడకు ఆనించి, "బిడ్డ ఆకలి తీరినట్టు లేదు," అంది. కొడుకు వైపు తిరిగి, "దీనికి చెల్లెల్నీ ఇక్కడే కట్టించు. బారసాల ఈ అమ్మాయే చెయ్యాలి," అంది. అతను అక్కడే యార్డు పెద్ద చెయ్యి పట్టుకుని ఊపాడు.

క్రేన్ల హారన్లు ఒక్కసారిగా మోగాయి. వెల్డర్లు యున్‌సిల్‌ను ఎత్తి గాల్లోకి ఎగరేశారు.

"దించండిరా! బూటు పోయింది!"

"పోతే పోనీ," అన్నాడు తాక్, చేతులు చాచి ఆవిడను పడుతూ. "ఇంకా పైకి ఎగరెయ్యండిరా, ఇంకా పైకి!"