మంగళవారం జట్టులో ఎల్మర్

కోతలు అయిపోయి గోధుమలు గాదెల్లోకి చేరగానే మా ఊరు కాల్డర్స్ క్రాసింగ్‌లో వెర్నా ఫ్రీసెన్ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. మా క్లబ్బులో మంగళవారం కర్లింగ్ పోటీలు నడిపేది ఆవిడే. బరువైన గుండ్రటి రాయిని మంచు మీద జార్చి అవతలి కొసన గీసిన వలయంలోకి చేర్చే ఆట అది; రాయి ముందు చీపుళ్ళతో ఊడిస్తే ఇంకొంత దూరం జారుతుంది. ఎవరికి ఎవరితో పడదో, ఎవరి మోకాలికి ఆపరేషనయిందో, ఏ వదినా ఆడపడుచూ మాటలు మానేశారో అన్నీ మనసులో పెట్టుకుని నలుగురి చొప్పున జట్లు కడుతుంది. పెళ్ళి సంబంధాలు కుదర్చడం ఇంతకంటే తేలిక. నేను స్కూలు బస్సు నడుపుతాను. చాలా ఏళ్ళుగా ఆవిడ జట్టులోనే ఆడుతున్నాను.

ఆ ఏడాది జట్లన్నీ కుదిరాక ఒక్క మనిషి మిగిలిపోయాడు. ఆయన వెర్నాకి సొంత అన్న, ఎల్మర్.

ఊళ్ళో సగంమందికి మంచు మీద రాయి వదలడం నేర్పింది ఎల్మరే. ఆ మంచును తయారు చేసిందీ ఆయనే. వీపుకి నీళ్ళ డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ, పడగానే గడ్డకట్టే సన్నటి చినుకులు చల్లుకుంటూ పోయేవాడు. ఆయన చల్లిన మంచు మీద రాయి చెప్పినమాట వినేది. పెళ్ళి చేసుకోలేదు. వెర్నా భర్త పోయిన దగ్గర్నుంచి అన్నాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ వచ్చారు. అంతకుముందు చలికాలం ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు పాయింట్లు మరిచిపోయేవాడు. తర్వాత మావి ఎర్రరాళ్ళో పసుపురాళ్ళో అడగడం మొదలుపెట్టాడు. మేం నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవాడు.

వెర్నా ముందుగా గార్నెట్‌ని అడిగింది. గార్నెట్‌ది ఊళ్ళోకెల్లా గట్టి జట్టు.

"మీ అన్నంటే నాకెంత గౌరవమో నీకు తెలుసు గదా వెర్నా. నాకు ఆట నేర్పిందే ఆయన. కానీ మావాళ్ళు గెలుద్దామని వస్తారమ్మా" అన్నాడు.

"గెలిస్తే మాత్రం ఏమొస్తుందయ్యా? చివర్లో ఒక పంది తొడ!"

"ఆ తొడ కోసమే గదా మా ఆవిడ నన్ను ఇంట్లోంచి వదుల్తోంది."

ఇద్దరూ నవ్వారు. గార్నెట్ మాత్రం సరేననలేదు. మిగతా కెప్టెన్లూ తలో మర్యాదైన మాట చెప్పి తప్పుకున్నారు. చివరికి వెర్నా ఆయన్ని మా జట్టులోనే పెట్టుకుంది. నేనూ, పోస్టాఫీసు కొరీనా ఒప్పుకున్నాం.

మొదటి మంగళవారం ఎల్మర్ ఎవర్నీ అడక్కుండా అవతలి కొసకి నడిచి, కెప్టెన్ నిలబడి గురి చూపించేచోట చీపురు పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ అక్కడే నిలబడ్డ మనిషి. వద్దనడానికి మా ముగ్గురికీ నోరు రాలేదు. ఆయన చీపురు ఎక్కడ చూపిస్తే అక్కడికే వేశాం, ప్రతివారం ఓడిపోయాం. మా దగ్గర గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి తాగడానికి కొనిపెట్టాలి. "ఈ చలికాలమంతా ఊరి సొమ్ముతోనే తాగుతున్నాం, ఎల్మర్ చలవ!" అని కొరీనా గ్లాసెత్తేది. ఎల్మర్ అందరికంటే పెద్దగా నవ్వేవాడు. వెర్నా గ్లాసు ముట్టుకునేది కాదు.

జనవరిలో గార్నెట్ జట్టుతో ఆట పడింది. గార్నెట్ వదిలిన రాయి జోరుగా వస్తోంది. ఎల్మర్ ఏమనుకున్నాడో, దాన్ని ఆపడానికి కాలు అడ్డం పెట్టాడు. ఇరవై కిలోల గ్రానైటు అది. చీలమండకి తగలగానే వెల్లకిలా పడ్డాడు. తల నేలకి తగిలిన చప్పుడు పక్క ఆటవాళ్ళకి కూడా వినపడింది.

ఎముక విరగలేదు. కానీ క్లబ్బు పెద్దలు కూర్చుని, ఎల్మర్ ఇక మంచు మీద కాలు పెట్టకూడదన్నారు. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి?

"నువ్వే చెప్పాలి వెర్నా. చెల్లెలివి" అన్నారు.

చెప్పింది. ఎలా చెప్పిందో తర్వాత నా వంటింట్లో కూర్చుని తనే చెప్పుకుంది.

"ముందు నమ్మలేదే. తర్వాత 'అందరూ ఒప్పుకున్నారా? గార్నెట్ కూడానా?' అన్నాడు. ఔనన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎంతసేపని! పోన్లే, గండం గడిచిందనుకున్నాను. మళ్ళీ మంగళవారం పొద్దున్నే బూట్లు తుడుచుకుంటూ 'ఇవాళ ఎవరితో వెర్నీ?' అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"మళ్ళీ చెప్పాను. మళ్ళీ 'గార్నెట్ కూడానా?' అన్నాడు. ప్రతివారం అదేనే. నాకది పాత మాట, ఆయనకి కొత్త దెబ్బ. చెప్పిన ప్రతిసారీ ఆయన మొహం చూడాలి. ఇంక నావల్ల కాదు."

అందుకని ఆ తర్వాతి మంగళవారం ఆవిడ అబద్ధమాడింది. మంచు మిషను చెడిపోయింది, ఇవాళ ఆట లేదు అంది. ఎల్మర్ బాధపడలేదు. తల ఊపి టీ తాగాడు. హమ్మయ్య అనుకుని వెర్నా సరుకులకి వెళ్ళింది.

మంచు మిషను చెడిపోయిందని వింటే ఎల్మర్ ఇంట్లో కూర్చునే మనిషా? పనిముట్ల సంచీ పట్టుకుని, చేతులకి తొడుగుల్లేకుండా, ముక్కు కోసేసే చలిగాలిలో క్లబ్బుకి నడిచాడు. మధ్యాహ్నం పూట అక్కడెవరూ ఉండరు. వెనక తలుపు తాళం విప్పాలని రెంచితో తిప్పుతూ తిప్పుతూ మెట్లమీదే కూలబడ్డాడు. సాయంత్రం ఆటకి తలుపులు తీయడానికి ముందుగా వచ్చిన గార్నెట్ చూసి, తన కోటు విప్పి కప్పి, చిన్నపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ప్రాణం దక్కింది. చలికి చచ్చుబడిన కుడిచేతి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది.

ఆసుపత్రి వరండాలో గార్నెట్ కళ్ళు తుడుచుకుంటూ "నా జట్టులో పెట్టుకుని ఉంటే..." అన్నాడు.

"పెట్టుకున్నా ఇంతేనయ్యా. నేను పెట్టుకోలేదూ?" అంది వెర్నా.

డాక్టరు ఇక ఇంట్లో ఒంటరిగా వదలకూడదన్నాడు. దగ్గర్లోని పట్నం బ్రాండన్‌లో అలాంటివాళ్ళని చూసుకునే ఇంట్లో చేర్చారు. ఆ రోజు ఆయన కారు దిగుతూ "ఇక్కడ మంచు ఎవరు చూస్తారు?" అని అడిగాడట. ఎవరో ఉన్నార్లే అని చెప్పిందట వెర్నా.

పోటీల బాధ్యత ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని నేనే అన్నాను. ఆవిడ అడిగి చూసింది కూడా. ఎవరూ ముందుకు రాలేదు. అందుకని మంగళవారాలు అలాగే నడిచాయి. ఎల్మర్ చోట కొరీనా మరిదిని పెట్టుకున్నాం. రెండాటలు గెలిచాం కూడా. ఎవరికీ ఉత్సాహం లేదు.

కష్టమల్లా ఏమిటంటే, వారం పేరు మరిచిపోయిన మనిషికి మంగళవారం మాత్రం ఎలాగో తెలిసిపోయేది. సాయంత్రం కాగానే బూట్లు తొడుక్కుని ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఎవరేం చెప్పినా కదిలేవాడు కాదు. అక్కడి నర్సు వెర్నాకి ఫోన్ చేసేది. సరిగ్గా మేం ఆట మధ్యలో ఉండేవాళ్ళం. వెర్నా మంచు దిగి, అద్దాల వెనక బల్ల దగ్గర నిలబడి మాట్లాడేది. అవతలి జట్టు చీపుళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఎదురుచూసేది. ఒక్కరూ విసుక్కోలేదు.

ఒకసారి నీళ్ళకోసం లోపలికి వెళ్ళినప్పుడు విన్నాను.

"దారి మూసేశారన్నయ్యా. మంచు తుఫాను. ఎవరూ రాలేకపోతున్నారు... లేదు, నీకోసం ఆగుతాం... ఆఁ, నువ్వు లేకుండా ఎలా మొదలుపెడతాం?"

ఫోన్ పెట్టేసి, కాసేపు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నేను భుజం మీద చెయ్యి వేశాను.

"పదవే, పాపం వాళ్ళు ఎదురుచూస్తున్నారు" అంది. మంచు మీదికొచ్చి అందర్నీ ఓసారి చూసి, "ఎవరి వంతు?" అని అడిగింది. నీదేనన్నాం. వంగి రాయి వదిలింది. నేనూ కొరీనా దానిముందు ప్రాణం పెట్టి ఊడ్చాం. సగం దారి దాటాక అది మెల్లమెల్లగా వేగం తగ్గుతూ పోయి, ఎంత ఊడ్చినా వలయందాకా చేరకుండానే ఆగిపోయింది.