కాకినాడ టైమూ, యాచారం నీడా

మా అమ్మాయి శ్రావ్య నాతో ఆకాశం గురించి మాట్లాడటం మానేసి మూడు నెలలైంది. మా యాచారం ప్రయాణం మొదలైంది అందుకే. తొమ్మిదో తరగతి చదువుతోంది. అంతకుముందు అన్నం ముందు కూర్చుంటే చాలు, "నాన్నా, విశ్వానికి అంచు ఉంటుందా?" అని అడిగేది. "ముందు ఆ కంచానికి అంచుంది, అది ఖాళీ చెయ్యి తల్లీ" అనేవాణ్ణి. అయినా మర్నాడు మళ్లీ ఇంకో ప్రశ్న. అలాంటి పిల్ల నోరు మూసుకుందంటే తప్పు నాదే.

హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకసారీ ఆగస్టులో ఒకసారీ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ పక్కకి పడదు, దాని కిందే ఉండిపోతుంది. మేలో ఆ రోజున శ్రావ్య దిల్‌సుఖ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లందరినీ బతిమాలి టెర్రస్ ఎక్కించింది. మధ్యలో ఒక సీసా పెట్టింది. నేను పెద్ద మొనగాడిలా గడియారం చూసుకుంటూ నిలబడి, సరిగ్గా పన్నెండు కాగానే, "ఇదిగో నీడ ఉందిగా! తుస్సుమందమ్మా నీ సైన్సు" అన్నాను. అందరూ పగలబడి నవ్వి భోజనాలకి దిగిపోయారు. నేనూ దిగిపోయాను. శ్రావ్య ఒక్కతే ఎండలో ఉండిపోయింది. వారం తర్వాత వాళ్లమ్మ ఫోన్‌లో ఆ రోజు తీసిన ఫోటో కంటపడింది. సీసాకి నీడ లేదు, టైము పన్నెండు గంటలా పన్నెండు నిమిషాలు. చూడగానే సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆగస్టులో మళ్లీ ఆ రోజొచ్చింది. ఈసారి నేనే ముందుగా టెర్రస్ మీద కుర్చీలు వేశాను. పొద్దున్నించీ ఒకటే ముసురు. పన్నెండున్నరకి తడిసిన కుర్చీలు దించుకుని వస్తుంటే, శ్రావ్య పుస్తకంలోంచి తలెత్తకుండానే, "రేపు యాచారంలో ఉంటుంది" అంది. ఆగస్టులో సూర్యుడు దక్షిణానికి జరుగుతుంటాడట, నీడ లేని గీత కూడా ఆయనతోపాటు రోజుకి దాదాపు ముప్పై కిలోమీటర్లు దిగుతుందట. యాచారం మాకు దక్షిణాన దాదాపు అంత దూరంలోనే ఉంది. మూడు నెలల తర్వాత నాతో అన్న మొదటి ఆకాశం మాట అది. ఆఫీసుకి సెలవు పెట్టేశాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి బయలుదేరాం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్‌కి పది నిమిషాలు కూడా పట్టదు. అక్కడ నుంచి షేర్ ఆటోలో సాగర్ రింగ్ రోడ్డుకి వెళ్లి, యాచారం మీదుగా పోయే బస్సు పట్టుకున్నాం. నా చేతిలో అర మీటరు ప్లాస్టిక్ పైపు ఉంది. కండక్టరమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఏంది సార్ గిది, నల్లా పనికి పోతున్రా?" అంది. నీడ మాయమయ్యేది చూడటానికని చెప్పాను. ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, ఆమె శ్రావ్య ఆధార్ కార్డు చూసి టికెట్ కొట్టి, "మంచిగున్నది. నీడ జీరో, పాపకు టికెట్ జీరో. పైసలు మాత్రం మీరియ్యాలె" అంది. శ్రావ్య కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని నాకెంత సంతోషమేసిందంటే, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం దాటి యాచారంలో దిగేటప్పుడు పైపు బస్సులోనే మర్చిపోయాను.

అప్పటికి పదకొండుంబావు. బస్సు ఎటో వెళ్లిపోయింది. ఏం చెయ్యాలో తోచక రోడ్డు పక్కన యాదమ్మగారనే ఆవిడ నడిపే భోజన హోటల్లో టీ తాగుతూ, నిటారుగా నిలబడే కర్ర ఏదైనా ఉందా అని అడిగి, సంగతి చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది.

"నీడ మాయమైతదా? అంటే గ్రహణమా! అయ్యో, నేను పొద్దుగాలనే తింటి గద సార్!"

కాదని చెప్పేలోపే కూర గిన్నెల మీద మూతలు పెట్టేసి, లోపల్నుంచి రోకలి మోసుకొచ్చింది. "గ్రహణం నాడు రోకలి దానంతటదే నిలవడ్తది, సూడున్రి!" తెనాలిలో మా నాయనమ్మా అంతే, పళ్లెంలో నీళ్లు పోసి అందులో రోకలి నిలబెట్టేది. శ్రావ్య మాత్రం రోకలి అడుగు తిప్పి చూసి, "నాన్నా, చదునుగా ఉంది! పైపు కన్నా ఇదే నయం" అంది. హోటల్ ముందు గచ్చు మీద నిలబెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి, వంకర లేకుండా సరిచేసింది.

పన్నెండైంది. నలుగురు డ్రైవర్లు కూడా చుట్టూ చేరారు. రోకలి పక్కన నీడ సన్నగా ఉంది.

"నీడున్నది గదా పాపా. ఉత్తదేనా?" అంది యాదమ్మగారు. ఒక డ్రైవరు నవ్వాడు. శ్రావ్య చప్పున నా మొహంలోకి చూసింది. మేలో కూడా ఇలాగే చూసి ఉంటుంది, నేను గడియారం చూసుకుంటూ గమనించలేదు.

"ఆగండమ్మా, ఉత్తది కాదు" అన్నాను. "మన గడియారాలన్నీ కాకినాడ దగ్గర్లో పోయే గీతని బట్టి నడుస్తాయి. సూర్యుడు అక్కణ్ణించి ఇక్కడికి రావాలి కదా. ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. మేలో ఇది తెలియక నేనే నలుగురిలో మా పిల్లని నవ్వులపాలు చేశాను. తప్పు నాది, దానిది కాదు."

"గట్లనా! మీ ఆంధ్రా టైము వెట్టుకొని మా పొద్దును సూసిన్రన్నట్టు" అన్నాడు ఆ డ్రైవరు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

పన్నెండుంబావుకి మబ్బొకటి అడ్డమొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడు నిమిషాలకి ఎండ మళ్లీ ఫెళ్లున కాసింది. రోకలికి నీడ లేదు! ఎటు చూసినా లేదు. యాదమ్మగారు తన చుట్టూ తానే తిరిగి, "నా నీడ ఏడ వోయిందే!" అని పకపకా నవ్వి, మళ్లీ అనుమానంగా, "గ్రహణమైతే కాదు గద సార్, మరి బువ్వ తినొచ్చా?" అంది. వేడన్నం, పప్పు, గోంగూర పచ్చడి. మనిషికి తొంభై రూపాయలు, రోకలికి అద్దె తీసుకోలేదు.

కదలకుండా ఉందనుకున్న భూమి వంగి తిరుగుతోందని నేను బడిలో చదువుకున్నాను. నమ్మింది మాత్రం ఆ రోకలి దగ్గరే. తిరుగు బస్సులో శ్రావ్య భూమి ఆకారం నుంచి విశ్వం ఆకారం దాకా ఆపకుండా చెప్పింది. సగం అర్థం కాకపోయినా హాయిగా విన్నాను.

చివరగా ఒక సలహా. హైదరాబాదులో మీరూ చూడాలనుకుంటే ఆ రోజున, మేలో పన్నెండూ పన్నెండుకి, ఆగస్టులో పన్నెండూ ఇరవై రెండుకి నీడనే చూడండి, సూర్యుణ్ణి కాదు. భూమి నడక ఏడాదంతా ఒకే తీరున ఉండదు కాబట్టి ఆ పది నిమిషాల తేడా. ఒక రోజు అటూ ఇటూ అయినా తేడా కంటికి ఆనదు. ఈ సంగతి శ్రావ్య నాకు ఎల్బీ నగర్‌లో దిగాక చెప్పింది.

"అంటే ఇవాళ మన టెర్రస్ మీద చూసినా సరిపోయేదా?" అన్నాను.

"ఆ."

"మరి నిన్న చెప్పలేదేం?"

"చెబితే నువ్వు సెలవు పెట్టేవాడివా నాన్నా?"

కాబట్టి ఇంట్లోనే చూడొచ్చు. కానీ మీ పిల్లలు యాచారం అంటే మాత్రం, మారు మాట్లాడకుండా యాచారమే వెళ్లండి.