అవ్వ చెప్పే వాసనలు

గోదావరిఖని క్వార్టర్లో మా అవ్వ తాతను ఉత్తగా అన్నానికి పిలిచేది కాదు. "మెంతికూర వాసన ఇల్లంత నిండింది, రాండ్రి!" అనేది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తాత "అబ్బ, మెంతికూర!" అంటూ వచ్చి కూర్చునేవాడు. అవ్వ తన వంటను తానే పొగుడుకుంటోందని నాకు నవ్వొచ్చేది.

ఒకరోజు తాత పక్కనే పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఆయన పేపరు చదువుతూనే ఉన్నాడు. వీధి చివరి నల్లా దగ్గర్నుంచి అవ్వ ఉరికొచ్చి గిన్నె దించింది. మాడు వాసనకు వచ్చిన పక్కింటామెతో, "మా పోరన్ని చూడుమంటే ఆటల వడ్డడు," అంది. నాకసలు ఎవరూ ఆ పని చెప్పలేదు. రోషంతో ఆ పూట నేను అన్నం తినలేదు.

ఈమధ్య నా భార్య నన్ను అన్నానికి కొత్తరకంగా పిలుస్తోంది. నిన్న వంటింట్లోంచి, "చింతచిగురు వాసన మస్తుగొస్తుంది, జల్ది రాండ్రి," అంది.

నాకు ఏ వాసనా రాలేదు.

"అబ్బ, చింతచిగురు!" అంటూ లేచాను.