కుట్టు గదికి మేడ పునాది

"ఇంకో అడుగు దించు" అని నాన్న మేస్త్రీకి చెప్తున్నాడు. నేను గోతి గట్టున నించుని లోపలికి చూస్తున్నాను. మేస్త్రీ అప్పటికే భుజాల దాకా దిగిపోయాడు. ఇంతకీ కట్టేది ఏమిటంటే, నా కుట్టుమిషను పెట్టుకోవడానికి ఇంటి ముందు ఒక గది. మిషను, గుడ్డ కత్తిరించుకునే బల్ల, కుట్టినవి వేలాడదీయడానికి ఒక తీగ. అంతే. ఆ గొయ్యి చూసి సందులో పోయే ఒకావిడ ఆగి, నీళ్లు పడ్డాయా అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ వన్‌లో మా ఇల్లు రెండే గదులు. నాన్నది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నైట్ చేసి వస్తే పగలు పడుకోవాలి. నేను మిషను తొక్కితే ఆయనకి నిద్ర లేదు, తొక్కకపోతే నాకు పని లేదు. చదువు ఎనిమిదితో ఆపేసి కుట్టు నేర్చుకున్నదాన్ని, నా చేతిలో ఉన్నది అదొక్కటే. దగ్గర్లోని బడి హెడ్మిస్ట్రెస్ దీదీ నా కుట్టు చూసి, ఈ ఏడాది యూనిఫాంలన్నీ నీకే ఇస్తానంది. కానీ పిల్లలు కొలతలకి రావడానికి చోటుండాలి, బడి తెరిచేలోపు గది చూపించు, లేదంటే బజారులో టైలరుకి ఇచ్చేస్తానని కూడా అంది. అందుకని మొదలుపెట్టాం. నేను దాచుకున్న కుట్టుకూలీ, నాన్న సొసైటీలో తీసిన లోను కలిపితే నాలుగు గోడలు, పైన రేకులు వచ్చేస్తాయి. వానలకి ముందే అయిపోతుందని మేస్త్రీ అన్నాడు.

అయిపోయేదే, నాన్న స్నేహితులు లేకపోతే.

అందరూ ప్లాంటు మనుషులే. నెత్తిమీద క్రేన్లు తిరిగే షెడ్లకి స్తంభాలు నిలబెట్టినవాళ్లు. చిన్న పని వాళ్ల చేతికి రాదు. సెలవు రోజు వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, గోతిలోకి తొంగి చూసి తలొక మాట వేసి పోయేవారు. అందులో పట్టాలు తయారయ్యే రైల్ మిల్లులో పనిచేసే బాబాయ్ ముందుండేవాడు.

"ఎలాగూ తవ్వుతున్నాం గదన్నా, మేడకి సరిపడా ఏసేద్దుం. రేపు మళ్లీ తవ్వుతావేటి?"

అంతే, గోడల గది కాస్తా పిల్లర్ల గది అయిపోయింది. ఎలాగూ పిల్లర్లు లేస్తున్నాయి కదా అని బీములు వచ్చాయి. ఎలాగూ బీములున్నాయి కదా అని రేకులు పోయి స్లాబు వచ్చింది. ఎవరూ అడ్డదిడ్డంగా చెప్పలేదు. ఒక్కొక్క మాటా వింటే నిజమే కదా అనిపించేది. అన్నీ కలిపి చూసే మనిషే లేడు. నేనున్నాను గానీ, నన్ను అడిగేదెవరు?

పైగా కడుతున్నప్పుడు ఎంతయిందని అడగకూడదట. అచ్చిరాదని అమ్మ నా నోరు నొక్కేసేది. నాన్ననడిగితే ఇల్లు కట్టి చూడు అని సామెత మొదలెట్టేవాడు. ఇల్లు కాదు నాన్నా గది అంటే మొహం అటు తిప్పుకునేవాడు. మా సందులో ఖర్చు గురించి మాట్లాడుకోరని కాదు. అంతా అయిపోయాక ఎంచక్కా మాట్లాడుకుంటారు, అనుకున్నదానికి రెండింతలయిందిరా అని, పెద్ద జ్వరం తట్టుకుని లేచినట్టు గొప్పగా. ముందు మాత్రం ఎవరూ నోరు తెరవరు.

పిల్లర్లు లేచాయి, వాటి నెత్తిన ఇనుప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉన్నాయి. గోడలు లేవు, కప్పు లేదు, చేతిలో డబ్బు లేదు. పడమట మబ్బులు పట్టడం మొదలైంది. ఆ ఆదివారం సాయంత్రం, నాన్న స్నేహితులంతా ఉండగానే, ఆఫీసర్ల క్వార్టర్లున్న సెక్టారు నుంచి మావయ్యగారు స్కూటరు మీద వచ్చారు. అమ్మకి దూరపు అన్న, ప్లాంటులో ఇంజనీరు. ఈయనైనా చెప్తారని నాకు ఆశ. మీ దగ్గర పని ఖర్చు దాటిపోతే ఏం చేస్తారండీ అని అడిగాను.

ఆయన నవ్వారు. "ప్రాజెక్టు అన్నాక ఖర్చు పెరగక మానదమ్మా. ధరలు పెరుగుతాయి కదా. దాన్ని ఎస్కలేషన్ అంటాం."

"ధరలు పెరగలేదండీ. సిమెంటు అంతే ఉంది, ఇటుక అంతే ఉంది. గది పెరిగింది."

బాబాయ్ పకపకా నవ్వి, "ఈ ఆడగుంటని మా మిల్లులో ఎయ్యండి బాబూ, ఆఫీసర్లకి నిద్దరుండదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. పెద్దోళ్ల మధ్యన నోరెట్టకు, లోపలికెళ్లు అన్నాడు. వెళ్లాను. లోపలినుంచి విన్నాను. స్లాబు ఇనుముకి బాబాయ్ అప్పు ఇప్పిస్తానన్నాడు, రేపు ఇనుప కొట్లో చెప్పేస్తే బండి వచ్చేస్తుందన్నాడు. నాన్న సరే అన్నాడు.

అమ్మ అంట్లు తోముతూ నెమ్మదిగా చెప్పింది. ఇన్నేళ్లూ ఎవరివో షెడ్లకి స్తంభాలెత్తాడే, తనదంటూ ఎత్తుతున్నది ఇదే, కాదనలేకపోతున్నాడు అంది. అది నాకూ తెలుసు. పొద్దున్నే పిల్లరు మీద చెయ్యేసి రాస్తూ నించునేవాడు, నేను చూశాను. జాలి వేసింది. కోపం తగ్గలేదు. ఆయన ముచ్చటకి నా యూనిఫాంలు పోవాలా? స్లాబు పోస్తే అది ఆరేదాకా కింద కర్రలు తీయరు, ఈలోపు బడి తెరిచేస్తారు. ఈ మాట ఆ టీ గ్లాసుల వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఆ రాత్రి నాన్న డ్యూటీకి వెళ్లేటప్పుడు టిఫిన్ డబ్బా కూడా నేను అందించలేదు.

తెల్లారగానే సైకిలేసుకుని ప్లాంటు గేటుకి వెళ్లాను. నైట్ షిఫ్టు వదిలారు. గుంపులో నాన్న, పక్కన బాబాయ్. నన్ను చూడగానే నాన్న మొహంలో రక్తం లేదు. చెడ్డ కబురైతే తప్ప ఇంట్లోవాళ్లు గేటు దాకా రారు.

"ఏటయిందే? అమ్మ బాగుందా?"

"అమ్మ బాగుంది. కొట్టుకెల్తన్నాను నాన్నా. ఇనుం వద్దని సెప్పేస్తాను. పైన రేకులే. బడి తెరిచేలోపు నాకు గది కావాల."

బాబాయ్ ఏదో అనబోయాడు. నువ్వుండు బాబాయ్ అన్నాను, అందరూ వింటుండగానే. నాన్న తన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని అలాగే నించున్నాడు.

నేను ఆగలేదు. కొట్టు ఇంకా తెరవలేదు. మెట్టు మీద కూర్చుని, షట్టరు లేచాక లోపలికెళ్లి, ఇనుము బండి పంపొద్దని చెప్పాను. మిషనుకి మోటారు పెట్టించుకోవాలని ఇంట్లో చెప్పకుండా విడిగా దాచుకున్న డబ్బు తీసి రేకులకి బయానా కట్టాను.