గ్రేస్ టీచర్ కారులో తీపి వాసన

మొన్న అబిడ్స్ పోస్టాఫీసు ముందు క్యాబ్ ఎక్కి తలుపు వేసుకోగానే తియ్యటి వాసన ముక్కుకు తగిలింది. ముందు సీట్లో కూర్చోవడం నాకు పాత అలవాటు. వాసన అక్కడే ఎక్కువగా ఉంది. పాకం ముదిరి చల్లారాక గిన్నె అడుగున మిగిలే వాసన అది. డ్రైవరు అద్దానికి వేలాడుతున్న సెంటుసీసా వైపు చూపించి, "కొత్తది పెట్టిన మేడం, మంచిగున్నదా?" అన్నాడు. బాగుందన్నాను. కానీ నా చెయ్యి దానంతటదే చీర కుచ్చెళ్లను పైకి లాగింది. నా చీర అంచులను అంత శ్రద్ధగా చూసిన మనిషి ప్రపంచంలో ఒక్క గ్రేస్ టీచరే.

తొంభైల చివర్లో నాంపల్లిలోని ఒక బళ్లో కొత్తగా తెలుగు టీచర్‌గా చేరాను. గ్రేస్ టీచర్ అక్కడ ఎప్పటి నుంచో సైన్సు చెబుతున్నారు. మెదక్ వైపు మిషన్ క్వార్టర్లలో పెరిగిన మనిషి, మాట కాస్త గట్టి. మావాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవాళ్లు. ఇద్దరిదీ ఖైరతాబాద్‌లో ఒకే వీధి కావడంతో, చేరిన వారంలోనే ఆవిడ మా గేటు ముందు కారు ఆపి హారన్ కొట్టారు. "ఎక్కు. బస్సుల నలిగి వస్తే పిల్లలకేం చెప్తవ్?" అన్నారు. అలా ఆ పాత తెల్లకారులో పక్క సీటు నాదైపోయింది. భర్త పోయాక ఆవిడే డ్రైవింగ్ నేర్చుకున్నారట. మోకాలు అరిగిపోయి బస్సు మెట్టు ఎక్కలేకపోయేవారు. క్లచ్ మాత్రం ఎడమ కాలితో ధీమాగా తొక్కేవారు, ఎందుకంటే అరిగింది కుడి మోకాలు. బ్రేకు వేసినప్పుడల్లా "ప్రభువా" అనేవారు. అది భక్తో నొప్పో నాకు తెలిసేది కాదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక కారు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పొద్దున రేడియేటర్ నింపితే సాయంత్రానికి తగ్గేది. ఒకరోజు స్టేషన్ ముందు ఆవిరి చిమ్ముతూ ఆగిపోయింది. వెనక ఆటోలవాళ్లంతా మాకు ఉచితంగా సలహాలిచ్చారు. బడి పక్క సందులోని మెకానిక్ యూసుఫ్ మంచి పనివాడు. రేడియేటర్‌కి మాట్లు వేశాడు, రబ్బరు గొట్టాలు మార్చాడు, పంపు మార్చాడు. అయినా నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి. రాత్రిళ్లు కారు కింద పరిచిన పేపరు మీద మాత్రం ఒక్క చుక్క కనబడేది కాదు.

"ఇంజనే లోపల తాగుతున్నది టీచరమ్మా, మొత్తం విప్పాలె" అన్నాడు యూసుఫ్.

గ్రేస్ టీచర్ ఒప్పుకోలేదు. "నూనెల నీళ్లు కలిస్తే నూనె చాయ్ లెక్క అయితది. కాలే. వెనక నుంచి తెల్లపొగ రావాలె. రాలే. మరి ఇంజన్ తాగిందని ఎట్లంటవ్?"

"మరి నీళ్లు ఏడికి పోతున్నయి?"

"నేనడిగేది కూడా గదే. నీళ్లు మాయమైతయా యూసుఫ్? ఏడనో ఉంటయి."

సికింద్రాబాద్‌లో ఉండే కొడుకు మాత్రం ఖచ్చితంగా చెప్పేశాడు. క్రిస్మస్ లోపు బాగుకాకపోతే కారును పాత ఇనుముకి ఇచ్చేద్దామన్నాడు. తల్లి దారి మధ్యలో ఎక్కడ ఆగిపోతుందోనని అతని భయం. ఆ మాట స్టాఫ్‌రూములో నాతో చెబుతూ ఆవిడ చాక్‌పీసును రెండుగా విరిచారు. "కారు పోతే బడి పోయినట్టే శారదా. ఈ మోకాలితోటి నన్నెవరు తీసుకొస్తరు? ఇంట్ల కూసొని గోడలకు పాఠం చెప్పాల్నా?" అన్నారు. రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్లుంది. ఆవిడ గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి.

డిసెంబరు మొదట్లో యూసుఫ్ మామూలు నీళ్లు తీసేసి, ఇంజన్‌ను చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ పోశాడు. దాని తర్వాతే కారులో తియ్యటి వాసన మొదలైంది. మాకెవరికీ అనుమానం రాలేదు, రాదు కూడా. ఎందుకంటే అది కేకుల కాలం. క్రిస్మస్ ముందు ఆవిడ పిండి, గుడ్లు, నెయ్యి, చక్కెర, ఎండుపళ్లు, ఇంట్లో కాచిన నల్లటి చక్కెర పాకం సీసా అన్నీ నాంపల్లిలోని ఒక బేకరీకి తీసుకెళ్లి, అక్కడే నిలబడి కలిపించి, కాల్పించుకుని వచ్చేవారు. క్రిస్మస్ చేసుకునే ఆ చుట్టుపక్కల వాళ్లందరిదీ అదే పద్ధతి. బేకరీ ముందు ఆడవాళ్లంతా ఎవరి సరుకు వాళ్లు కాపలా కాస్తూ, పక్కవాళ్ల నెయ్యి తమ కేకులోకి వస్తే పరవాలేదుగాని తమది అటు పోకూడదన్నట్టు చూస్తుండేవారు. వేడి వేడి ట్రేలు కారు వెనక సీట్లో పెట్టుకుని తిరిగొచ్చాం. ఇక కారు తియ్యగా వాసన రాక ఏం చేస్తుంది? యూసుఫ్ కూడా గట్టిగా ఊపిరి పీల్చి, "నా ముక్క ఏది టీచరమ్మా?" అని అడిగి మరీ తీసుకున్నాడు.

కేకులు పంచడం అయిపోయింది. ఆవిడ కారు లోపలంతా సబ్బునీళ్లతో తుడిపించి, ఆదివారం తలుపులు తీసి ఎండబెట్టారు. సోమవారం సాయంత్రం బడి వదిలాక ఇద్దరం కారెక్కాం. తాళంచెవి పెట్టారుగాని తిప్పలేదు.

"శారదా, కేకు తిన్నం, అయిపాయె. ఈ వాసన ఎవరిది?"

"పాకం సీసా ఒలికిందేమోనండీ."

"సీసా వెనక సీట్ల ఉండె. వాసన ముందర ఉన్నది. ఏదీ, నీ చీర అంచు చూపియ్."

నేను సిగ్గుపడుతూనే కాలు ముందుకు చాపాను. అంచు మీద జిగటగా మరక. రోడ్డు బురదనుకుని వారంగా ఉతుక్కుంటున్నాను. ఆవిడ వంగి రెండు వేళ్లతో రుద్దారు, వాసన చూశారు. నా కాళ్ల కింది రబ్బరు మ్యాట్ ఎత్తించి, పొడి న్యూస్‌పేపరు పరిపించి, అబిడ్స్ దాకా వెళ్లి తిరిగొచ్చారు. దారంతా నేను పేపరు తొక్కకుండా కాళ్లు వెనక్కి పెట్టుకున్నాను. యూసుఫ్ షెడ్డు ముందు ఆపి పేపరు తీస్తే, పై అంచున అరచెయ్యంత మేర తడి, లేత ఆకుపచ్చ రంగులో. నేను ఉత్సాహం కొద్దీ వేలితో తాకి నాలుక దగ్గరికి తీసుకెళ్లబోతే ఆవిడ నా మణికట్టు పట్టేసుకున్నారు. "తియ్యగున్నదని నాకుతవా? కూలెంట్ అది, విషం."

యూసుఫ్ నా సీటు ముందు వెల్లకిలా దూరి డ్యాష్‌బోర్డు కింద టార్చి వేశాడు. తర్వాత, "హీటర్ డబ్బా టీచరమ్మా. ఇది ఉన్నదనే మరిచిపోయినం" అన్నాడు. ఆ కారును గ్రేస్ టీచర్ భర్త, ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు దగ్గర కొన్నారట. హైదరాబాదులో చలికని కారులో హీటర్ ఎవరు వేస్తారు? మనం మరిచిపోయినా ఇంజన్ నుంచి వేడినీళ్లు మాత్రం దానిలోకి పోతూనే ఉన్నాయి. అక్కడ కారి, మ్యాట్ కింది మందపాటి గోనెలో ఇంకిపోతుంటే, బయట పరిచిన పేపరు తడవమంటే ఎలా తడుస్తుంది? యూసుఫ్ ఆ డబ్బాను వదిలేసి, దానికి వెళ్లే రెండు గొట్టాలను ఒకదానితో ఒకటి కలిపేశాడు. ఆ తర్వాత నీళ్లు తగ్గలేదు.

"ఇన్ని దినాలు కారు కింద చూసినం, కాళ్ల కింద చూడలే" అని గ్రేస్ టీచర్ స్టీరింగ్ మీద తల ఆనించి చాలాసేపు నవ్వారు. తల ఎత్తినప్పుడు కళ్లు తుడుచుకున్నారు. క్రిస్మస్ పొద్దున కొడుకును పక్క సీట్లో కూర్చోబెట్టుకుని చర్చికి తనే నడుపుకుంటూ వెళ్లారు. రిటైరయ్యే రోజు సాయంత్రం కూడా అదే కారులో నన్ను మా గేటు ముందు దింపారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నేనూ రిటైరయ్యాను. బళ్లో ఉన్నన్నాళ్లూ, క్లాసులో ఏ పిల్లయినా కునుకుతుంటే తోటి టీచర్లు "టీవీ చూసుంటుంది" అని తేల్చేసేవారు. నాకు మాత్రం ఆ జవాబు సరిపోయేది కాదు. నిద్ర ఎక్కడికి పోతోందో కనుక్కుంటే, తెల్లవారకముందే లేచి పాలపాకెట్లు వేస్తోందని తెలిసేది. సులువైన కారణం కనబడితే చాలు, నాకు కేకు గుర్తొస్తుంది.

మొన్న క్యాబ్‌లోనూ అంతే. వంగి మ్యాట్ కింద చెయ్యి పెట్టాను. తడి.

"ఏసీ నీళ్లు మేడం, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు డ్రైవరు.

వేళ్లు రుద్ది చూశాను. జిగట, తీపి వాసన. "ఏసీ నీళ్లు ఇలా జిగటగా ఉండవు బాబూ. నీ బండి నీళ్లు తగ్గుతున్నాయా?"

అతను బండి పక్కకు తీసి ఆపాడు. "రోజూ పోస్తున్న మేడం. ఏడ కారుతున్నదో ఎవ్వరికీ దొరకలే. ఇంజన్ విప్పాలంటున్నరు." ఆ బండే అతనికి తిండి పెడుతున్నట్టు ఆ గొంతే చెప్పింది.

"విప్పొద్దు. ముందు మెకానిక్‌ని హీటర్ డబ్బా చూడమను" అన్నాను.

అతను నా జరీ అంచు వైపు, నెరిసిన జుట్టు వైపు మార్చి మార్చి చూశాడు. "మీరు మెకానిక్కా మేడం?"

"కాదు బాబూ. మా గ్రేస్ టీచర్ పక్క సీట్లో కూర్చునేదాన్ని."