నాయనమ్మ ఆపిన కాఫీ

తాడేపల్లిగూడెంలో మేముండే అపార్టుమెంటులో తెల్లవారకముందే కింది వాటాలోంచి కాఫీ వాసన మెట్లెక్కి వస్తుంది. థైరాయిడ్ మాత్ర మింగి, గంటదాకా ఏమీ ముట్టకూడదని కూర్చున్న నాకు ఆ వాసన వట్టి అన్యాయం అనిపిస్తుంది, ఆ వెంటనే పెదపాడు దగ్గర మా నాయనమ్మ వంటిల్లు గుర్తొస్తుంది.

కొల్లేటి వైపు నుంచి వీచే చలిగాలి కోతకొచ్చిన చేల వాసనని మోసుకొస్తుంటే, పిల్లలం గోనెపట్టా మీద ముడుచుకుని, ఆవిడ గేదెపాలు పొంగించి, గ్లాసెత్తి తిరగబోసే కాఫీ కోసం కాచుకునేవాళ్ళం. కాఫీ పడకపోతే ఆవిడకి తలనొప్పి, ఆవిడకి తలనొప్పొస్తే ఇంటిల్లిపాదికీ తలనొప్పే.

నేను ఐదో తరగతిలో ఉండగా అమ్మ మందగించింది. చర్చిలో ముందుగా పాట ఎత్తుకునే గొంతు బొంగురుపోయింది, జుట్టు ఊడింది, ఎండలో కూడా దుప్పటి కప్పుకునేది. క్రిస్మస్ అరిసెలకి పాకం పడుతూ పొయ్యి దగ్గరే కునుకు తీస్తే పాకం మాడిపోయింది. బద్ధకానికి మందు లేదని నాయనమ్మ నలుగురిలో అనేసింది. ముఖం ఉబ్బితే కామెర్లేమోనని ఎవరో పసరు తాగించారు, వాంతులు తప్ప ఏమీ ఒరగలేదు. అమ్మ మాకు దక్కదేమోనని నేను దిండులో మొహం దాచుకుని ఏడ్చేదాన్ని.

చివరికి నాన్న ఏలూరు తీసుకెళ్తే, డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ తక్కువైందనీ, రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలనీ చెప్పింది. అది బద్ధకం కాదు, జబ్బని తెలిశాక నాయనమ్మ కోడలి సేవకి నడుం కట్టింది. ఖాళీ కడుపున మందు పడితే పేగులు మాడతాయని ఆవిడ నమ్మకం. అందుకని ముందు చిక్కటి కాఫీ తాగించి, ఆ వెంటే మాత్ర మింగించేది. అత్తగారి ప్రేమని కాదనలేక అమ్మ తాగేది. నెలలు గడిచినా గుణం కనిపించలేదు.

మళ్ళీ ఏలూరు వెళ్ళినప్పుడు, మాత్ర ఎలా వేస్తున్నదీ నాయనమ్మే గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ నవ్వాపుకుని, "మామ్మగారూ, కాఫీతో పడితే ఆ మందు ఒంటికి పట్టదండీ. మాత్ర వేశాక గంట ఆగి ఇవ్వండి" అంది.

మర్నాడు పొయ్యి రాజలేదు. నాయనమ్మ తలకి గుడ్డ బిగించుకుని అరుగు మీద కూర్చుంది. నాన్న కాఫీ అడిగితే, "కోడలు తాగాక అందరం తాగుదాంరా. దాని ఎదురుగా మనం గుటకలేస్తే దానికి నోరూరదూ?" అంది. నాన్న విసుక్కున్నా వినలేదు. వేసవికల్లా అమ్మ మళ్ళీ పాట ఎత్తుకుంది. తప్పయిందని నాయనమ్మ ఏనాడూ అనలేదు, అమ్మా అడగలేదు.

ఇప్పుడా పొయ్యీ లేదు, ఆ చేలన్నీ చేపల చెరువులయ్యాయి. మా ఇంట్లో ఎవరి వేళకి వాళ్ళు కాఫీ తాగి వెళ్తారు, నేనే తాగమంటాను. కానీ అమ్మ వచ్చినప్పుడు మేమిద్దరం మాత్రలు మింగి, ఆ గంటా నాయనమ్మ గురించే చెప్పుకుంటాం. ఆఖరి రోజుల్లో ఆవిడకి మతిమరుపొచ్చి, కన్నకొడుకునే మీరెవరండీ అని అడిగేది. అయినా కాఫీ గ్లాసు చేతికిస్తే నోటిదాకా తీసుకెళ్ళి ఆపి, గుమ్మం వైపు చూసేది.

"కోడలు తాగిందా?"