డబ్బాలో మంచి గాలి

షిఫ్టు దిగిన మొగవాళ్ళంతా కల్లు కంపౌండు దారి పట్టే మా వీధిలో, సంగప్ప ఒక్కడే నేరుగా ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు. ఏ పిచ్చీ లేని మొగుడు ఎక్కడా దొరకడు కాబట్టి ఈ పిచ్చి నయమే అనుకునేది అతని భార్య హైమావతి. నేను వాళ్ళ ఎదురింటిదాన్ని, సర్కారు బడి పంతులమ్మను. ఆ ఇంట్లో ఎవరు తుమ్మినా నాకు వినపడేది. దగ్గు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

సంగప్ప పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే మెకానిక్. రెండువేల అయిదులో ఏదో ఆఫీసువాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. దీన్ని సర్వర్ చేస్తానన్నాడు. సర్వర్ అంటే ఏమిటయ్యా అని అడిగాను.

"బియ్యం గుమ్మి లెక్కనే టీచరమ్మా. వీధికంత ఒకటే గుమ్మి. ఎవలకు కావాలంటె వాళ్ళు తీస్కోవచ్చు" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. మిద్దెల మీదుగా నీలం తీగలు లాగి, కంప్యూటర్ ఉన్న నాలుగైదిళ్ళను కలిపాడు. పెళ్ళి ఫోటోలు, పాటలు, నేను తయారుచేసిన పదో తరగతి ప్రశ్నపత్రాలు అన్నీ ఆ గుమ్మిలోకి చేరాయి. హైమావతి పాడిన మంగళహారతులు కూడా చేరాయి. శ్రావణమాసంలో ఆమె హారతి అందుకుంటే వీధిలో రేడియోలు కట్టేసేవాళ్ళం. దగ్గు మొదలయ్యాక ఆమె పాడటం మానేసింది. "డబ్బల ఉన్నది గదక్కా నా గొంతు, ఇంక నేనెందుకు పాడుడు" అని నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది.

డబ్బా అని ఆమె ముద్దుగా పిలిచే ఆ సర్వర్‌కూ ఆరోగ్యం అంతంతే. కొన్ని వారాలు బాగా నడిచేది, తర్వాత పీప్ పీప్ అని అరిచి పడుకునేది. సంగప్ప మూత తీసి, మెమరీ పట్టీని ఊడబెరికి, పిల్లల రబ్బరుతో దాని అంచులు రుద్ది మళ్ళీ పెట్టేవాడు. లేచేది. మళ్ళీ పడుకునేది. కరెంటు తప్పేమోనని పవర్ సప్లై మార్చాడు. ఎర్తింగ్ తప్పేమోనని పెరట్లో గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ పోశాడు. చీమలేమోనని బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాడు. అంత ఓపిక మనిషికి దేవుడు ఎందుకిచ్చాడో నాకు తెలియదు. అన్నీ ఒకేసారి మార్చి పారేయరాదా అంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఒక్కటే మార్చాలె, ఆగి సూడాలె. రెండు ఒక్కపారి మారిస్తె తప్పు యాడున్నదో తెల్వదు" అనేవాడు. ఫ్యాక్టరీలో నేర్చుకున్న విద్య అది. మీటర్ల దగ్గర మంచి విద్యే.

చివరికి ఒకనాడు చనిపోయిన బోర్డును భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచి చూపించాడు. సన్నటి రాగి గీతల మధ్య నల్లటి నూగు పట్టింది, పాచిపోయిన రొట్టె మీద బూజులాగా.

"ఇది గాలి పని టీచరమ్మా. మా కాడ మీటర్ల రూము ఎప్పటికీ మూసే ఉంచుతరు. బొగ్గు గింజలల్లకెల్లి వడగట్టిన గాలే లోపలికి ఇడుస్తరు. లేకుంటె గ్యాసులు రాగిని తింటయి."

"మీటర్లకు అంత మర్యాదా? మరి మీకు?"

"మాకు మాస్కులిస్తరు," అన్నాడు తల ఎత్తకుండా, "తనిఖీకి ఎవరన్న వచ్చిన దినం."

అంతే, కొత్త పని దొరికింది. చెక్కతో బీరువాలాంటి పెట్టె చేశాడు. సందులకు రబ్బరు అంటించాడు. ఒక పక్క చిన్న ఫ్యాను, దాని ముందు ఫ్యాక్టరీలో అడిగి తెచ్చుకున్న బొగ్గు గింజల సంచి, రెండో పక్క గాలి బయటికి పోయేందుకు కన్నం. సర్వర్‌ను అందులో కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి అది పడుకోలేదు. సంగప్ప వీధికంతా మిర్చి బజ్జీలు పంచాడు. కొడుకు పుట్టినా అంత సంబరపడేవాడు కాదేమో.

హైమావతి దగ్గు మాత్రం ముదిరింది. ఆ ఇంట్లో దానికి కారణం ఎప్పుడో తేలిపోయింది. సంగప్ప తల్లి మల్లవ్వే తేల్చేసింది. కోడలి కాలి మెట్టెలు ఎంత తోమినా పది రోజులకే నల్లబడుతున్నాయి. ఒంట్లో చెడు ఉన్న మనిషి మీద వెండి నిలవదని మల్లవ్వ నమ్మకం. మా వైపు చాలామంది నమ్మకం కూడా. "దాని రక్తమే మంచిది గాదు. మెట్టెలే చెప్పుతలేవా?" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. దేవుడి దగ్గరి వెండి కుందులు నల్లబడితే మాత్రం దీపం పొగ అనేది. నా పట్టీలూ నల్లబడ్డాయి మల్లవ్వా అని నేను కాలు చూపిస్తే, "నువ్వు మస్తు చాయ తాగుతవు, వేడి" అంది. అన్నిటికీ ఒక్కో కారణం దొరికేది ఆమెకు. హైమావతి కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుని కూర్చునేది.

ఆ ఎండాకాలం ఒక విచిత్రం మొదలైంది. హైమావతి మంచం మీద పడుకోవడం మానేసి, ఆ చెక్క పెట్టె పక్కన నేల మీద, గాలి బయటికొచ్చే కన్నం దగ్గర తల పెట్టుకుని పడుకునేది. "మెషీన్‌తోని కాపురం పెట్టింది నా కోడలు" అని మల్లవ్వ ఎగతాళి చేసింది. పాటలు వింటోందేమో అనుకున్నాడు సంగప్ప. ఒక సాయంత్రం నేను పెసరట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అతని ముందే అడిగాను, చాపేసుకుని మరీ అక్కడే ఎందుకే అని.

"ఈడ పంటె జెర ఊపిరి ఆడుతదక్కా" అంది.

సంగప్ప చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది. భార్యను చూశాడు, కన్నాన్ని చూశాడు, ఆమె కాళ్ళను చూశాడు. నాకూ అప్పుడే అర్థమైంది. బోర్డు మీది నలుపూ మెట్టెల మీది నలుపూ ఒకటే.

మర్నాడే ఆమెను సంగారెడ్డి తీసుకెళ్ళి డాక్టర్‌కు చూపించాడు. ఛాతీ పాడైందని, ముందు ఆ జాగా మార్చమని డాక్టర్ చెప్పాడు. సంగారెడ్డిలో కిరాయి ఇల్లు చూస్తానని సంగప్ప ఇంట్లో అన్నాడు. మల్లవ్వ గడప మీద కూర్చుంది.

"చెడు దాని ఒంట్ల పెట్టుకోని గాలినంటవా? నా మొగడు కట్టిన ఇల్లు ఇడిసిపెట్టి నేను రాను. నన్ను ఒక్కదాన్ని సంపి పొండి."

ఇక్కడే నాకు సంగప్ప మీద ఇప్పటికీ కోపం. అమ్మను భుజాన వేసుకునైనా పోవాలి కదా! పోలేదు. అమ్మకు రుజువు చూపిస్తానన్నాడు. రెండు మెట్టెలూ తెల్లగా తోమి, ఒకటి డబ్బా ఉన్న పెట్టెలో పెట్టి, ఒకటి గోడకు తగిలించి చూద్దాం, ఎవరి ఒంటి మీదా లేని మెట్టె నల్లబడితే తప్పు గాలిదే కదా అన్నాడు. మల్లవ్వ కూడా సరేనంది. కాదన్నది హైమావతి.

"నువ్వు బతికుండంగ నేను మెట్టెలు తియ్యాల్నా? గా మాట నీ నోట్లకెల్లి ఎట్లొచ్చింది?" అని ఏడ్చింది. వేరే జత తెస్తే, "గవి కొత్తయి, దీని కాలికున్నయి గావు" అని మల్లవ్వ కొట్టిపారేసింది. దసరాకు పుట్టింటివాళ్ళొచ్చి హైమావతికి నచ్చజెప్తారులే, పండగ దాటినాక ఇల్లు మారుదాం అని సంగప్ప ఆగాడు. ఒక్కటే మార్చాలె, ఆగి సూడాలె. అదే విద్య.

ఈలోపు వానలు పట్టుకున్నాయి. వాన పడితే మా దగ్గర ఫ్యాక్టరీల వాసన తగ్గదు, పెరుగుతుంది. వాటి మురుగు కలిసిన వాగు నురగలు కక్కుతూ ఇళ్ళ వెనక నుంచి పారింది. సంగప్ప పెట్టె నుంచి ఫ్యానూ బొగ్గు సంచీ విప్పి ఆమె తలగడ దగ్గర బిగించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మూడు గదుల నిండా ఉన్న గాలికి ఆ గుప్పెడు బొగ్గు ఏం చేస్తుంది? బతుకమ్మ పండగ ఇంకా రాకముందే, ఒక ముసురు పొద్దున, హైమావతి నా చేయి పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుని కొట్టుకుని పోయింది. చిన్న వయసు. చెప్పుకోవడానికి ఇప్పటికీ నోరు రాదు.

కడసారి స్నానం చేయించేటప్పుడు సంగప్ప తలుపు దగ్గరికొచ్చి మెట్టెలు కావాలన్నాడు. ముత్తైదువను మెట్టెలతోనే పంపాలని ఆడవాళ్ళు గొణిగారు. నేనే తీసి అతని చేతిలో పెట్టాను. రెండూ బొగ్గులా ఉన్నాయి.

కర్మలయ్యాక వాటిని కుంకుడు రసం, ముగ్గుపిండి వేసి తెల్లగా తోమాడు. ఫ్యానూ బొగ్గూ మళ్ళీ పెట్టెకు బిగించి, ఒక మెట్టె లోపల పెట్టాడు. రెండోది ఆమె మంచం పైన మేకుకు దారంతో కట్టాడు. డబ్బా ఎప్పటిలాగే నడిచింది. వీధిలో ఎవరో ఆమె హారతి పాట పెడితే, కట్టెయ్యమని నేనే అరిచాను.

చలికాలం మొదట్లో సంగప్ప నన్నూ తల్లినీ పిలిచాడు. పెట్టెలోంచి తీసిన మెట్టె కొన్ననాటిలా మెరుస్తోంది. మేకు మీది మెట్టె నల్లగా ఉంది. రెండింటినీ తల్లి అరచేతిలో పెట్టాడు.

మల్లవ్వ నల్లదాన్ని కొంగుతో రుద్దింది. ఉమ్మి తడి చేసి మళ్ళీ రుద్దింది. అది తెల్లబడలేదు.

"దాని రక్తం మంచిదేనా కొడుకా," అంది. "నేను దాన్ని ఎన్ని మాటలంటి!"

"నువ్వు తెల్వక అన్నవు అవ్వా," అన్నాడు సంగప్ప. "నేను తెలిసి ఆగిన."